సున్నం అంటని ముళ్లు

దిమ్మిస రెండోసారి పైకి లేచింది.

మొదటి దెబ్బకే అజ్మల్ కుడిచేతి మూడు వేళ్లు బట్టలుతికే బండ మీద చితికిపోయాయి. మట్టి నేలను గట్టిపరిచే ఆ కర్రమొద్దును మామూలుగా రెండు చేతులతో ఎత్తాలి. ముక్తార్ ఒంటిచేత్తో ఎత్తాడు. రెండో చేత్తో తమ్ముడి మణికట్టును బండకేసి నొక్కి పట్టాడు. కోడిని కోసేటప్పుడు కూడా ఎవరూ అంత గట్టిగా పట్టుకోరు.

"సిమెంటు కలిపినవా లేదా? ఒక్కటే మాట చెప్పు."

"కలపలే భాయ్."

"మరి గుమ్మటం ఎట్ల కూలింది? పావురం వాలితే కూలిందా?"

"నాకెరుక లేదు. మెహ్రీన్ మీద ఒట్టు, కలపలే."

"నా బిడ్డ మీద ఒట్టెయ్యకు. బాలింత అది."

దిమ్మిస దిగింది. ఎండు చెరుకుగడ విరిచినట్టు చప్పుడైంది. అజ్మల్ అరవలేదు. నోరు మాత్రం తెరుచుకుంది, తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. బండ మీది సబ్బునీళ్లలోకి నెత్తురు పాకి, చారలు చారలుగా కాలువ కట్టింది.

ముక్తార్ భార్య సకీనా గడప దాటలేదు. దాటితే నోరు తెరవాలి. నోరు తెరిస్తే ఏది ముందు బయటపడుతుందో ఆమెకు తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని పెద్దలు ఊరికే అన్నారా? నిన్న పొద్దుటి నుంచీ ఆమె తన కడుపును రెండు చేతులా పట్టుకునే తిరుగుతోంది.

నిన్న పొద్దుననే కదా కూలింది. మృగశిర మొదటి వాన రెండు రోజులు కురిసి వెలిసింది. అడవి అంచున, ముక్తార్ మేస్త్రి ఏడాదిగా కడుతున్న ఆ ఆరోగ్య రిసార్టులో, నడిమధ్యనున్న ధ్యానం గుమ్మటం పెద్ద నిట్టూర్పు విడిచినట్టు దిగబడింది. కింద సద్ది తింటున్న కూలి సోమ్లా నడుము దాకా ఇటుకల్లో కూరుకుపోయాడు. భద్రాచలం దవాఖానాలో ఉన్నాడిప్పుడు. ఓనరు ఫోను ఎత్తడం లేదు.

సిమెంటు అన్నది గేటు దాటకూడదని మొదటి రోజే ఒప్పందం. మట్టి ఇటుక, గానుగ సున్నం, వెదురు. అంతే. గోడలు ఊపిరి పీల్చాలట. పట్నంలో నిద్ర పట్టనివాళ్లు, మందులు మింగి మింగి విసిగినవాళ్లు ఇక్కడికొచ్చి పది రోజులుంటే ఆ గోడలే సగం నయం చేస్తాయట. అట్లాంటి పనికి సిమెంటు తెలియని మేస్త్రి కావాలని వెతుక్కుంటూ వెళ్లి, నేలకొండపల్లి నుంచి ముక్తార్‌ను ఇంటిల్లిపాదితో పిలుచుకొచ్చి రిసార్టు పక్కనే ఇల్లిచ్చారు. అతని తాత కట్టిన దర్గా గుమ్మటాలు తొంభై ఏళ్లుగా నిలిచే ఉన్నాయి. మనవడు కట్టింది మొదటి వానకే పడింది. ఇక ఆ మనిషి మనిషిలా ఎట్లా ఉంటాడు? ఈ పొద్దున అజ్మల్ బండి షెడ్డు వెనక రెండు సిమెంటు బస్తాలు కనబడేసరికి, కూలిన గుమ్మటమంతా తమ్ముడి నెత్తిన వేశాడు.

"ఎడమచెయ్యి పెట్టు," అన్నాడు ముక్తార్.

"అబ్బాజాన్, ఆగు."

మెహ్రీన్ లోపలి గదిలోంచి గోడ పట్టుకుని వచ్చింది. నెల దాటినా ఇంకా మొహంలో రక్తం లేదు. చంకలో పసిగుడ్డు.

"నువ్వు లోపలికి పో బేటీ."

"ఆ బస్తాలు చాచా నా కోసమే తెచ్చిండు. స్నానాల గదిలో నాచుకు జారి పడ్డ కదా మొన్న. గచ్చు చేపిస్త అన్నడు. నువ్వు సిమెంటు పేరెత్తితేనే మండిపడ్తవని చెప్పొద్దన్నడు."

ముక్తార్ దిమ్మిసను నేల మీద పెట్టాడు. పసిగుడ్డు ఏడుపు అందుకుంది.

"ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదురా?"

అజ్మల్ బండ మీంచి చేతిని మెల్లగా తీసుకుని, ఎవరిదో వస్తువు తెచ్చినట్టు ఒడిలో పెట్టుకున్నాడు.

"చెప్పనిస్తివా?" అన్నాడు.

అత్త మీద కోపం దుత్త మీద చూపడం లోకంలో ఉన్నదే. దుత్త పగిలితే ఇంకోటి కొనుక్కోవచ్చు. తాపీ పట్టే వేళ్లు ఏ అంగట్లో దొరుకుతాయి?

సకీనా అప్పుడు గడప దిగింది. ఓణీ చింపి మరిది చేతికి చుట్టబోయింది. అతను ఆమె మొహంలోకి చూశాడు.

"భాభీ, నువ్వెందుకు వణుకుతున్నవ్? దెబ్బ నాకు కదా తగిలింది."

గుడ్డ ఒక చుట్టు తిప్పేలోపే ఎర్రబడింది.

వాకిలి ముందు కారు ఆగింది. అరుణశ్రీ దిగింది. ఆ కట్టడాలన్నిటికీ బొమ్మ గీసిన ఆర్కిటెక్టు ఆమె. ఖమ్మం పిల్ల. ముప్పై రెండేళ్లుంటాయేమో, నిన్నటి నుంచి యాభై ఏళ్ల మనిషిలా నడుస్తోంది. చున్నీలో ఏదో మూటకట్టి తెచ్చింది. బండ మీది నెత్తురును, అజ్మల్ ఒడిలోని చేతిని చూసి నిలబడిపోయింది.

"ఎవరు కొట్టారు?"

అజ్మల్ గుడ్డను ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

"మేస్త్రీ, నేనడుగుతున్నా."

"ఇది మా ఇంటి ముచ్చట మేడం. మీరు వచ్చిన పని చెప్పండ్రి."

"ముందు ఇతన్ని దవాఖానాకు తీసుకుపోదాం, నా కారులో."

"చెప్పినంక పోదురు. మూట ఏందది?"

ఆమె చున్నీ విప్పింది. గుమ్మటం శిథిలాల్లోంచి తెచ్చిన పెళ్ల. రెండు ఇటుకల నడుమ సున్నం అతుకు. అందులో అక్కడక్కడ శనగగింజంత తెల్లటి గడ్డలు.

"రాత్రంతా ఈ అతుకులే చూస్తూ కూచున్నా. సిమెంటు చుక్క లేదు మేస్త్రీ. ఇది చూడండి."

చెంబులో నీళ్లుంటే తీసుకుని, ఒక గడ్డను గోటితో పెకిలించి, దాని మీద పోసింది. అది సుయ్‌మంది. ఇంత ఆవిరి లేచింది. ఉబ్బింది, పగిలింది, పిండి పిండిగా రాలింది.

ముక్తార్ వంగాడు. ఆ పిండిని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. నాలుక కాలింది కాబోలు, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉమ్మలేదు.

"పచ్చి సున్నం," అన్నాడు.

"అవును. మగ్గలేదు. కట్టినప్పటి నుంచీ అతుకుల్లో రాయిలాగే ఉంది. వాన నీళ్లు లోపలికి దిగగానే ఒక్కొక్క గింజా ఉబ్బి, ఇటుకలను పక్కకు నెట్టేసింది." అరుణశ్రీ చెంబును కింద పెట్టింది. "వానలకు ముందు సోమ్లా ఎండలో కూచుని తింటుంటే, లోపల చల్లగా ఉంటుంది, అక్కడ తినమని చెప్పింది నేనే."

ముక్తార్ ఆమె మాట వినడం లేదు. తమ్ముడి వైపు చూడటమూ లేదు.

"సకీనా," అన్నాడు. "తాడు తే."

ఆ ఇంట్లో సున్నం గుంత ఆడవాళ్లది. ఎప్పటి నుంచో అంతే. ఇంటి వెనక గుంత తవ్వి, కాల్చిన సున్నపురాళ్లు పోసి, నీళ్లు నింపి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పడుతూ ఇరవై ఒక్క రోజులు మగ్గబెట్టాలి. రోజూ తెడ్డేసి అడుగు దాకా కలపాలి. కలపకపోతే అడుగున ఉన్న రాయి రాయిగానే ఉంటుంది. మగవాడి నీడ గుంత మీద పడితే సున్నం విరుగుతుందని ముక్తార్ నానమ్మ చెప్పేది. అందుకని మగవాళ్లు అటు తొంగి కూడా చూడరు. కలపడం అయ్యాక, ఆ చేతులతోనే, గుంత పక్క గుంజకు వేలాడే తాడుకు ఒక ముడి వేయాలి. ఇరవై ఒక్క ముళ్లు పడితేనే గుంత తెరవాలి. తెరిచాక ఆ తాడును దాచాలి, కట్టింది నిలిచినన్నాళ్లూ. ఆ ఇంట్లో తాడే సాక్ష్యం. దానికి మించి ఎవరూ అడగరు.

సకీనా పెట్టెలోంచి తాడు తెచ్చింది. తెచ్చేటప్పుడు దాన్ని పొయ్యిలో వేద్దామా అని ఒక్క క్షణం పొయ్యి ముందు ఆగింది కూడా. పొయ్యిలో నిప్పు లేదు.

ముక్తార్ వేళ్లతో లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి.

"సరిపోయినయ్," అన్నాడు. మొహం కొంచెం వెలిగింది. పాపం, ఆ వెలుగు చూడలేక సకీనా కళ్లు దించుకుంది. "మరి పచ్చిగ ఎట్ల..."

ఆగిపోయాడు. తాడును ఎండకు పెట్టి చూశాడు. తాపీ మొనతో మొదటి ముడిని విప్పాడు. ముడి కడుపులోంచి తెల్లటి పొడి రాలింది. రెండోది విప్పాడు. పొడి. మూడోది. పొడి.

నాలుగోది విప్పాడు. ఏమీ రాలలేదు. లోపల తాడు కొన్న రోజు ఎట్లా ఉందో అట్లాగే పచ్చగా ఉంది.

అయిదోది. ఆరోది. తాపీ మొన వేగం పెరిగింది. పన్నెండో ముడి దాకా ఒక్కదానిలోనూ సున్నం అంటలేదు. పదమూడో ముడి నుంచి మళ్లీ తెల్లపొడి.

"బిడ్డ కాన్పుకు దవాఖానాల ఎన్ని రోజులుంటివే?" అన్నాడు తలెత్తకుండా.

సకీనా రాలిన సున్నప్పొడినే చూస్తూ చెప్పింది.

"తొమ్మిది."

అరుణశ్రీకి అర్థం కాలేదు. అజ్మల్‌కు అయింది. వాళ్ల ఇంటి లెక్క అది, ఇంటివాళ్లకే తెలుస్తుంది.

"ఆ ముళ్లు నేనే వేసిన భాయ్," అన్నాడు అజ్మల్. "భాభీ లేదు కదా. మర్చిపోయి, ఒక్కసారే అన్నీ..."

ముక్తార్ నవ్వాడు. ఆ నవ్వు ఎవరికీ రాకూడదు.

"పుట్టినప్పటి సంది నీ చేతికి సున్నం అంటని రోజు ఉన్నదారా? నువ్వు నీళ్లల్ల ముడి వేసినా తెల్లగైతది. ఇవి కడిగిన చేతులు. దవాఖానా సబ్బుతోని కడిగిన చేతులు."

లేచాడు. లేవడంలోనే తాడు సకీనా మెడ చుట్టూ పడింది. రెండు కొసలూ అతని పిడికిట్లో బిగిశాయి. ఆమె గాజులు స్తంభానికి తగిలి పగిలాయి. మెహ్రీన్ కేక వేయబోయి, బిడ్డ బెదురుతుందని నోట్లో ఓణీ కుక్కుకుంది. అరుణశ్రీ అతని భుజం పట్టి లాగింది. విదిలిస్తే మెట్టు మీద పడింది.

"నీ వల్ల నా తమ్ముని చెయ్యి పోయింది. నీ వల్ల."

"నా వల్ల కాదు, నీ వల్లనే పోయింది," అందామనుకుంది సకీనా. గొంతు బిగిసింది, మాట రాలేదు. కళ్ల ముందు నల్లటి మచ్చలు ఆడాయి. ఆ మచ్చల్లోనే ఆమెకు గుంత కనబడింది, గుంత ఒడ్డున సక్రి కనబడింది.

సోమ్లా భార్య సక్రి. మట్టి తొక్కే పనిలో మొదటి రోజు నుంచీ ఉంది. మే నెలలో మెహ్రీన్‌కు నొప్పులు మొదలైతే, సకీనా తెడ్డును తెచ్చి సక్రి చేతిలోనే పెట్టింది.

"రోజూ ఒక్కసారి కలుపు. అడుగు దాకా. కలిపి ముడి వెయ్యి."

"నువ్వు పో సకీనక్కా. బిడ్డ ముఖ్యం. నేను లేనా?"

తొమ్మిది రోజుల తర్వాత మనవరాలిని ఎత్తుకుని వచ్చి చూస్తే తెడ్డుకు సాలెగూడు పట్టి ఉంది. తాడుకు మూడే ముళ్లు. సక్రి ఆ సాయంత్రం ఏడ్చుకుంటూ వచ్చింది. బీడీలకు తునికాకు కొనే కల్లం తెరిచారు, తండా అంతా అడవికి పోయింది, ఏడాదికి ఒక్కసారి వచ్చే ఆకు, ఎట్లా ఆగాలి? ఆమె వేళ్లు ఆకు కట్టలు కట్టి కట్టి పసరుతో నల్లబడి ఉన్నాయి.

"మా ఆయనకు కూడా చెప్పలే. నువ్వు చెప్పిన పని చేస్తున్ననే అనుకుంటుండు. ముక్తారన్నకు చెప్పకక్కా, పని తీసేస్తడు."

చెప్పనంది సకీనా. సక్రి భయానికి తోడు తన భయం కూడా ఉంది. గుంతను ఇంకో ఇల్లాలికి అప్పజెప్పానని తెలిస్తే ముక్తార్ ఊరుకుంటాడా? ఆ రాత్రే తొమ్మిది ముళ్లూ ఒక్కసారే వేసింది. మిగిలిన తొమ్మిది రోజులూ రెట్టింపు కలిపింది. సరిపోతుందిలే అనుకుంది. సున్నానికి జాలి ఉండదని తెలిసీ అనుకుంది.

మెడ మీద పట్టు వదిలింది. ముక్తార్ వదల్లేదు, వాకిటి తడిక విరిగిపడిన చప్పుడుకు అతని చేతులే వదిలేశాయి.

తండావాళ్లు. పన్నెండు మందో, పదిహేను మందో. ముందు బలరాం, సక్రి తమ్ముడు. భుజాన గొడ్డలి. వాడి వెనక సక్రి. జుట్టు విరబోసుకుని, ఏడుపు అయిపోయిన కళ్లతో.

"పన్నెండు గొట్టంగ మా బావ పానం పోయింది," అన్నాడు బలరాం.

అరుణశ్రీ మెట్టు మీదే మోకాళ్లలో తల పెట్టుకుంది.

"పోలీసులకు ఫోను చేస్తా," అంది తలెత్తి. "మీకు న్యాయం..."

"చేస్కోండ్రి మేడం. వాళ్లొచ్చేసరికి పొద్దుగూకుతది. మాకు కావాల్సింది వేరే." బలరాం ముక్తార్ వైపు తిరిగాడు. "గుమ్మటం పాడు చేసిన చెయ్యి ఏదో చూపెట్టు. మిగిలినోళ్ల జోలికి రాం. చూపెట్టకపోతే ఇంట్ల ఉన్న అందరి జోలికీ వస్తం. పసిపిల్ల ఉందని కూడా చూడం."

మెహ్రీన్ బిడ్డను గుండెకు అదుముకుని వెనక్కి, గోడ దాకా జరిగింది.

ముక్తార్ భార్యను చూశాడు. బిడ్డను చూశాడు. చివరికి తమ్ముణ్ని చూశాడు. ఆ చూపు ఎక్కడ ఆగుతుందో సకీనాకు ముందే తెలిసింది.

అజ్మల్ మోచెయ్యి పట్టుకుని లేపాడు. నెత్తురు గుడ్డను విప్పి, చితికిన చేతిని అందరికీ కనబడేటట్టు పైకెత్తాడు.

"ఇదిగో. సిమెంటు కలిపిండు. మా చేతులతోనే మేం ఇరగ్గొట్టినం. సాలదా?"

అజ్మల్ అన్నను చూశాడు. కాదనలేదు. అవుననీ అనలేదు. పెద్దవాడు మార్కెట్లో తన వస్తువును అమ్ముతుంటే పక్కన నిలబడ్డవాడిలా నిలబడ్డాడు.

"సాలదు," అన్నాడు బలరాం. "ఇరిగిన చెయ్యి అతుక్కుంటది. బండ మీద పెట్టు."

ఇద్దరు ముందుకొచ్చి అజ్మల్‌ను బండ దగ్గరకు ఈడ్చారు.

"అది కాదు ఆ చెయ్యి," అంది సకీనా.

గొంతు బొంగురుపోయి, సగం మందికే వినబడింది. మెడ మీది తాడును తీసింది. తీసి, బలరాం కాళ్ల ముందు పడేసింది.

"సిమెంటు లేదు ఏం లేదు. సున్నం మగ్గలే. తొమ్మిది రోజులు గుంతను కలపలే. కలిపినట్టు తొమ్మిది ముళ్లు దొంగతనంగ వేసింది నేను. ఈ పిలగానికి ఏం తెల్వదు. వదిలిపెట్టండ్రి."

"సకీనా," అన్నాడు ముక్తార్.

"నువ్వు ఊకో. ఇరవై ఆరేండ్లు నువ్వే మాట్లాడినవ్."

తాడు మీదికి వంగిన తలలన్నీ ఒక్కసారి లేచాయి. సక్రి తల మాత్రం లేవలేదు. ఆమె ఆ తాడునే చూస్తోంది.

బలరాం గొడ్డలిని భుజం మార్చుకున్నాడు.

"తొమ్మిది రోజులు నువ్వెక్కడున్నవ్?"

"దవాఖానాల. బిడ్డ కాన్పుకు."

"మరి గుంతను ఎవలకు అప్పజెప్పి పోయినవ్?"

ముక్తార్ తల తిప్పాడు. అతనికి ఆ ప్రశ్న ఇంతవరకూ తోచలేదు. సకీనా సక్రి వైపు చూడకూడదనుకుంది. కళ్లు వినలేదు. ఒక్క రెప్పపాటు చూసి తిప్పుకుంది. ఆ రెప్పపాటులోనే సక్రి వేళ్లు కనబడ్డాయి. నెల దాటింది, పసరు నలుపు గోళ్ల మొదట్లో ఇంకా పోలేదు. భర్తను కప్పిన గుడ్డ సర్ది వచ్చిన వేళ్లు అవి.

ఒక్క పేరు చెబితే చాలు. తన చెయ్యి తనకు మిగులుతుంది. మనవరాలిని ఎత్తుకోవడానికి ఆ చెయ్యి కావాలి. కానీ ఆ పేరు చెప్పిన క్షణాన, మొగుణ్ని పోగొట్టుకున్న మనిషి మొగుణ్ని చంపుకున్న మనిషి అవుతుంది. తండావాళ్ల ముందు, తమ్ముడి ముందు.

"ఎవలకూ ఇయ్యలే," అంది సకీనా. "గాలికి వదిలేసి పోయిన."

బండ దగ్గరకు తనే నడిచింది. అజ్మల్‌ను పక్కకు జరిపి, సబ్బునీళ్లూ నెత్తురూ కలిసిన చోట మోకాళ్ల మీద కూచుని, కుడిచేతిని చాపింది. పగిలిన గాజు ఒకటి మణికట్టులో గుచ్చుకుని ఉంది. దాన్ని తీసేసి పక్కన పెట్టింది, ఎవరికో అడ్డమవుతుందన్నట్టు.

అజ్మల్ ఆమె మీద పడబోతే నలుగురు వెనక్కి గుంజారు. ముక్తార్ కదలలేదు. దిమ్మిస అతని కాళ్ల దగ్గరే పడి ఉంది, వంగితే అందేది. వంగలేదు.

"అక్కా," అన్నాడు బలరాం. "నువ్వు పట్టు. నీ మొగని నెత్తురు. పట్టే హక్కు నీదే."

సక్రి వచ్చింది. ఎదురుగా కూచుంది. సకీనా మణికట్టును రెండు చేతులతో పట్టి బండకేసి నొక్కింది. ఆ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. నొక్కుతున్నాయో, పట్టుకుని వేలాడుతున్నాయో తెలియడం లేదు.

"ఎందుకు చెప్పలే?" అంది సక్రి, పెదాలు కదలకుండా, సకీనాకు మాత్రమే వినబడేట్టు.

"చెప్పనని నీకు మాటిచ్చిన కదా."

"గట్టిగ పట్టు అక్కా," అన్నాడు బలరాం.

గొడ్డలి లేచింది. ఎండకు దాని అంచు తళుక్కుమంది.

సక్రి చేతులు పట్టు సడలించలేదు. తల ఎత్తి తమ్ముణ్ని చూసింది, నోరు తెరిచింది.